అత్తయ్య ఏ భాషలో పిలిస్తే ఆ భాషలోనే పలకాలి

మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళతో ఇంటిల్లిపాదీ ఒకే భాషలో మాట్లాడాలని, రెండు మూడు భాషలు కలిపితే వాళ్ళు మరింత తికమక పడతారని ఒక సలహా మా శ్రీకాకుళంలో బాగా తిరుగుతోంది. క్లినిక్‌లో చెబుతారు, వాట్సాప్‌లో వస్తుంది, చూడ్డానికి వచ్చిన చుట్టాలు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మరీ చెబుతారు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క భాషలోనే బతికిన మనిషికి ఈ సలహాతో పనే లేదు. మూడు నాలుగు భాషల్లో బతికిన మనిషికి మాత్రం దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా గట్టి నమ్మకం. మా అత్తయ్యను చూసుకుంటున్నాను కాబట్టి, మా జిల్లాలో ఆవిడలాంటివాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి, ఎందుకలా అంటున్నానో వివరంగా రాయాలనిపించింది.

అత్తయ్య పుట్టింది ఇచ్ఛాపురం దగ్గర పల్లెలో, ఒడియా మాట్లాడే ఇంట్లో. ఆ వైపు ఒడియా బళ్ళున్నాయి, జగన్నాథుడి రథయాత్ర ఉంది, జూన్ నడుమ వచ్చే రజ పండక్కి ఆడపిల్లలకి ఊయలలు కడతారు. పెళ్ళయి టెక్కలి పక్కన తెలుగు ఇంటికి వచ్చింది. మావయ్యకి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ ఉద్యోగం. సిక్కోలు నుంచి ఖరగ్‌పూర్ చేరిన కుటుంబాలకు లెక్కే లేదు, అక్కడ తెలుగువాళ్ళ వీధులకు వీధులే ఉన్నాయి. రైల్వే క్వార్టర్స్‌లో కాపురం. పక్కింటావిడతో బెంగాలీ, గోల్‌బజార్‌లో హిందీ, ఇంట్లో తెలుగు, సెలవులకి పుట్టింటికి వెళ్తే ఒడియా. ఇదంతా ఒక విద్య అని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఎవరెదురుగా ఉంటే వాళ్ళ భాషలో నోరు దానంతటదే తిరిగేది. మావయ్య రిటైరయ్యాక ఇద్దరూ శ్రీకాకుళం వచ్చేశారు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని ఈ జిల్లా మ్యాపు చూస్తేనే తెలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. చుట్టరికాలు, సంతలు, సంబంధాలు ఆ గీతను లెక్కచెయ్యలేదు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవరలున్నారు. రెల్లి కుటుంబాలకి ఇంట్లో వేరే మాట ఉంది. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉండే మత్స్యకారులున్నారు. ఒకప్పుడు రంగూన్ వెళ్ళివచ్చినవాళ్ళ కథలు లేని పాత ఊరు మా వైపు అరుదు. పొట్ట చేత పట్టుకుని పోయిన ప్రతి చోటా ఒక భాష నేర్చుకున్న జనం మాది. ఇప్పుడు ఆ తరం ముసలిదైంది.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉందని దేశవ్యాప్తంగా పెద్దవాళ్ళ మీద చేసిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. ఆడవాళ్ళలో, పల్లెవాసుల్లో, చదువు లేనివాళ్ళలో ఇది ఎక్కువ అని కూడా చెప్పింది. ఈ మూడూ ఒక్కచోట కలిసిన మనుషులు మా ఊళ్ళలో ఎందరో.

అత్తయ్యకి మొదట్లో అందరికీ వచ్చినట్టే వచ్చింది. పొయ్యి మీద పాలు మరిచిపోవడం, తాళాల కోసం వెతుకులాట, చెప్పిందే చెప్పడం. పెద్దతనం, చాదస్తం అనుకునే దశ అది. ఆ తర్వాత భాషలు కలగాపులగమయ్యాయి. పాలబ్బాయితో బెంగాలీలో బేరం పెట్టేది. మనవణ్ణి ఒడియాలో పిలిచి, వాడు పలక్కపోతే అలిగేది. తెలుగులో మొదలెట్టిన మాట హిందీలో తేలేది. ‘ఏవేవో భాషలు మాట్లాడుతోందట, గాలి గానీ సోకిందేమో’ అని వీధిలో గుసగుసలు. ఒకావిడ తాయెత్తు కూడా కట్టించి తెచ్చింది.

కానీ కాస్త చెవి పెట్టి వింటే, ఆవిడ మాట్లాడే ఏ భాషలోనూ పెద్ద దోషం కనిపించదు. పాలబ్బాయితో పెట్టిన ఆ బేరం ఖరగ్‌పూర్‌లో పెట్టి ఉంటే ఎవరూ వంక పెట్టేవారు కారు. ఎవరితో ఏ భాష అని ఎంచుకునే శక్తి తగ్గిందంతే. 1989లోనే హిల్టెన్‌స్టామ్, స్ట్రౌడ్ అనే ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు స్వీడన్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్న, రెండు భాషలొచ్చిన ఇద్దరి మాటల్ని దగ్గరగా పరిశీలించి, ఎదుటివాడికి తగిన భాష ఎంచుకోవడంలో, భాషల్ని విడివిడిగా ఉంచుకోవడంలో వచ్చే ఇబ్బందిని నమోదు చేశారు. పలుభాషలు తెలిసినవాళ్ళ మెదడులో అన్ని భాషలూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. మాట్లాడేటప్పుడు కావలసినదాన్ని వదిలి మిగతావాటిని అణిచి ఉంచే పని మెదడు ముందుభాగాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. రైల్వే ఇంటివాళ్ళం కాబట్టి నాకు ఇది కేబిన్‌లో పాయింట్లు మార్చి బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మళ్ళించే మనిషి పనిలా అనిపిస్తుంది. పట్టాలు బాగానే ఉన్నాయి, బండీ బాగానే ఉంది, పాయింట్లు మార్చే మనిషికే కునుకు పడుతోంది.

ఇది అర్థమైతే ‘తెలుగులో మాట్లాడత్తా, తెలుగులో!’ అని కసరడం ఎంత దండగో తెలుస్తుంది. ఏ పని చెయ్యడం ఆవిడ చేతిలో లేకుండా పోయిందో సరిగ్గా అదే పని చెయ్యమని గదమాయిస్తున్నాం. ఆవిడకి అందేది ఒక్కటే, ఎదుటివాళ్ళకి కోపం వచ్చిందని. కారణం మరిచిపోతుంది, ఆ గుబులు మాత్రం పొద్దు గూకేదాకా మొహంలో ఉంటుంది.

ఒకే భాష సలహాలో కొంత నిజం లేకపోలేదు. ఒక వాక్యంలో ఒకే భాష ఉండాలి, ఒకసారికి ఒకే ప్రశ్న వెయ్యాలి, మాటలు చిన్నవిగా ఉండాలి. ఇవి పాటించాల్సినవే. కానీ ఆ ఒక్క భాష ఏదన్నది మనం ముందే తేల్చేసి రోజంతా దాన్నే పట్టుకు కూర్చోకూడదు. ఆవిడ ఏ భాషలో నోరు తెరిచిందో ఆ క్షణానికి అదే భాష. మన తెలుగుకి ఆవిడ రావాలని కాచుక్కూచోవడం కంటే, నాలుగు ముక్కలతోనైనా మనం ఆవిడ దగ్గరికి వెళ్ళడం తేలిక. నేర్చుకునే శక్తి ఇప్పుడు మన దగ్గరే ఉంది.

దీనికి ఎదురుగా ఇంకో మాట వినిపిస్తుంది: ‘ఎన్ని భాషలొచ్చినా చివరికి అమ్మ భాషకే వెళ్ళిపోతారు, కాబట్టి ఒడియా మాట్లాడితే చాలు.’ వినడానికి బాగుంటుంది గానీ, అందరికీ ఒకేలా జరగదు. పాత జ్ఞాపకాలే ఎక్కువ కాలం నిలుస్తాయని ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో 1881లో రాశాడు. మెదడుకు దెబ్బ తగిలి మాట పడిపోయినవాళ్ళలో బాగా వాడుకలో ఉన్న భాష ముందు తిరిగొస్తుందని పిత్ర్ 1895లో అన్నాడు. మా ఇంట్లో రోజూ ఈ ఇద్దరి మాటా నిజమవుతూనే ఉంటుంది. దాహం, భయం, ఒంటికి, రెంటికి వెళ్ళడం ఒడియాలో. వంట, బజారు, పక్కింటి కబుర్లు బెంగాలీలో. కొడుకుల మీద కోపం తెలుగులో. డబ్బు లెక్క హిందీలో. ఏ వయసులో ఏ పని ఏ భాషలో చేసిందో ఆ పని ఇంకా అక్కడే ఉంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పలేదు. ఒడియాలోకి వెళ్తే అత్తయ్యకి ఏడుపు వస్తుంది. ‘బొఉ, బొఉ’ అని తల్లిని పిలుస్తుంది, ఇంటికి తీసుకుపొమ్మంటుంది. ఆ తల్లి అత్తయ్య చిన్నతనంలోనే పోయింది. బెంగాలీలోకి వస్తే మనిషే మారిపోతుంది. పక్కింటి దీదీ మీద పెత్తనం, చేప కొయ్యడం రాని కోడళ్ళ మీద విసుర్లు, గట్టిగా నవ్వు. ఆవిడ సంతోషంగా, నలుగురికీ అవసరమైన మనిషిగా బతికింది ఆ క్వార్టర్స్‌లోనే. అందుకని సాయంత్రం నాలుగున్నర దాటి ఆవిడ తలుపు వైపు చూడ్డం మొదలెడితే, నేను చాటలో చిక్కుడుకాయలో తోటకూరో పెట్టుకుని ఎదురుగా కూర్చుని, ‘దీదీ, ఆజ్ కీ రాన్నా?’ అంటాను. ఇవాళ వంటేమిటని. నా బెంగాలీ అంతంతమాత్రం, అయినా ఆవిడ పట్టించుకోదు. చాట తన ఒళ్ళోకి లాక్కుంటుంది. ఈనెలు తీస్తూ చెబుతూ పోతుంది. ఒక్కోరోజు తీసిన ఈనెలు గిన్నెలోకి, కాయలు చెత్తలోకి వెళ్తాయి. పోనీండి. అమ్మ భాషే మందు అని గుడ్డిగా నమ్మి ఉంటే ఆ వేళప్పుడు ఒడియా మాట్లాడి ఆవిడ్ని ఇంకా ఏడిపించేవాళ్ళం. పాత భాషలన్నీ సుఖాన్నే దాచుకుని ఉండవు. యుద్ధకాలంలో రంగూన్ నుంచి నడిచివచ్చిన మనిషికి బర్మా మాట వినిపిస్తే ఏం గుర్తొస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ మనిషినే చూసి తెలుసుకోవాలి.

ఆసుపత్రి సంగతికి వస్తాను. పేరు రాయను, అక్కడ కష్టపడి పనిచేసేవాళ్ళే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి అత్తయ్యని చేర్చాల్సి వచ్చింది. ఆ వార్డులో రాత్రిపూట తోడు ఉండనివ్వరు. పొద్దున్న వెళ్ళేసరికి రెండు చేతులూ గాజు గుడ్డతో మంచం ఊచలకు కట్టేసి ఉన్నాయి. రాత్రంతా కేకలని, కాళ్ళు తన్నుకుంటోందని, మందు పీకేస్తోందని, నిద్రకు ఇంజక్షన్ ఇచ్చామని సిస్టరు చెప్పింది. జబ్బు ముదిరిందేమో చూపించుకోండి అని కూడా అంది. అత్తయ్య సగం మత్తులో ఒకటే మాట గొణుగుతోంది. వార్డు తుడుస్తున్న ఆవిడ చీపురు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. కవిటి వైపు మనిషి. ‘ఒలమ్మ, గోడొ బింధుఛి అంతంది గదమ్మా. కాలు నొప్పంట. ఎవులూ సూడ్నేదా?’ అంటూ దుప్పటి ఎత్తింది.

చేతుల్లో నరం దొరక్క పాదానికి పెట్టిన సూది అది. నరంలోంచి బయటికొచ్చి, సెలైన్ అంతా చర్మం కింద చేరి, పాదం బూరెలా పొంగి మెరుస్తోంది. వేళ్ళ సందులు కూడా కనపడ్డం లేదు. సూది తీసేసి, పాదం కింద దిండు పెట్టి, తడిగుడ్డ వేశాక అరగంటకి అత్తయ్య మామూలుగా నిద్రపోయింది. రాత్రంతా ఆవిడ చెబుతూనే ఉంది. స్పష్టంగా, తప్పుల్లేకుండా, ఎక్కడ నొప్పో పేరు పెట్టి మరీ చెప్పింది. వార్డులో ఆ మాట తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ డ్యూటీ పొద్దున్న మొదలవుతుంది.

అర్థం కాని మాటను కేక అనుకుంటే, కేకను జబ్బు లక్షణం అనుకుంటే, తర్వాత వచ్చేది మత్తుమందే. డిమెన్షియా ఉన్న వృద్ధులకి యాంటీసైకోటిక్ అనే మానసిక జబ్బుల మందులు కొన్ని ఇస్తే చావు ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందు లేబుల్ మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. అవసరమైన సందర్భాలు ఉంటాయి, డాక్టర్లు చూసి ఇస్తారు, నేను కాదనను. కానీ ఆ మందు రాసే ముందు ‘ఈవిడ ఏమంటోంది, ఈ మాట తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా’ అని ఒక్కసారి అడగడానికి ఖర్చేమీ లేదు. వీడియో కాల్‌లో ఇచ్ఛాపురంలో ఉన్న మా అత్తయ్య మరదలికి చూపించినా నిమిషంలో తేలిపోయేది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. భాషలు మెల్లగా, నెలలూ ఏళ్ళ మీద కలిసిపోవడం వేరు. నిన్న బాగానే మాట్లాడిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఎవరికీ తెలియని మాటలు మాట్లాడుతూ, గోడ మీద ఏవో కనిపిస్తున్నాయంటూ, పగలంతా మగతగా ఉంటే అది వేరు. దాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, నీళ్ళు తాగకపోవడం, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఇలాంటివి కారణమవుతాయి. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, చాలామందిలో తగ్గుతుంది. ‘మతిమరుపు కదా, మామూలే’ అని ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక పరీక్షల సంగతి. ప్రపంచమంతా వాడే 30 మార్కుల పరీక్ష ఒకటుంది, 1975లో ఫోల్‌స్టీన్ బృందం ఇంగ్లీషులో తయారుచేసింది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఈ ఊరేది, వందలోంచి ఏడేసి తీసివెయ్యి, నేను చెప్పిన వాక్యం తిరిగి చెప్పు, ఒక వాక్యం రాయి. బడి మొహం చూడని మనిషికి ఇందులో సగం మొదట్నుంచీ రానివే. అందుకే మన దేశంలో 1995లో హిందీలో, చదువు లేనివాళ్ళకీ పనికొచ్చేలా మార్చి ఒకటి తయారుచేశారు. తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఒక పరీక్షల పెట్టె రూపొందించింది. ఎంతో మంచి పని. తెలుగు అందులో ఉండటం మన అదృష్టం. కానీ ఇచ్ఛాపురంలో పుట్టినావిడని కూర్చోబెట్టి తెలుగులో అడిగితే వచ్చే మార్కులు ఎవరివి? జబ్బువి కొన్ని, భాషవి కొన్ని. ఆ రెంటినీ విడదీయలేం. ఒడియా ఆ అయిదింటిలో లేదు. నాలుగు లక్షల మందికి పైగా మాట్లాడే సవర ఎలాగూ లేదు. అత్తయ్యకి పరీక్ష పెట్టినప్పుడు వారాల పేర్లు తెలుగులో అడిగితే బుధవారం దగ్గర ఆగిపోయింది. డాక్టరుగారు మంచివారు, ఆవిడకి వచ్చిన భాషలో అడగనిచ్చారు. ఒడియాలో ఏడూ వరసగా చెప్పింది. ఇవాళ ఏ వారమో మాత్రం ఒడియాలోనూ చెప్పలేకపోయింది. ఆ రెండు జవాబులూ కలిపి చూస్తేనే డాక్టరుకి అసలు సంగతి తెలుస్తుంది: జ్ఞాపకం ఎంత పోయింది, భాష ఎంత అడ్డొస్తోంది అని.

పలుభాషల గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాద్ పరిశోధన ఎత్తకపోతే కుదరదు. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో చూసిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు వచ్చినవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. రెండు దాటి ఎన్ని భాషలొచ్చినా అదనపు లాభం కనపడలేదు. ఇది మనవాళ్ళు చేసిన, మన మనుషుల గురించిన పరిశోధన. గర్వంగా ఉంటుంది. కానీ ఇది వాట్సాప్‌కి చేరేసరికి ‘రెండు భాషలొస్తే అల్జీమర్స్ రాదు’ అయిపోయింది. ఆలస్యం కావడం వేరు, రాకపోవడం వేరు. అత్తయ్యకి నాలుగు భాషలు. వచ్చింది. ఆ నాలుగున్నరేళ్ళు ఆవిడకీ దక్కి ఉంటే అది ఖరగ్‌పూర్ పుణ్యమే, నేను కృతజ్ఞురాలినే. కానీ ముందు మేలు చేసిన భాషలే తర్వాత ఆవిడని ఒంటరిని చెయ్యకుండా చూసుకోవడం చుట్టూ ఉన్నవాళ్ళ బాధ్యత. మొదటి భాగం గురించి వందసార్లు ఫార్వర్డ్ చేస్తారు, రెండో భాగం గురించి ఎవరూ మాట్లాడరు.

స్వీడన్‌లో మాట్లాడారు. అక్కడికి ఫిన్లండ్ నుంచి వలసవచ్చి, వయసు మీరి డిమెన్షియా వచ్చినవాళ్ళని 1990లలో సిర్కా-లీసా ఎక్‌మన్ బృందం గమనించింది. స్వీడిష్ మాత్రమే వచ్చిన సిబ్బంది చూసుకుంటే ఆ మనిషి ఎక్కువ అసమర్థుడిగా కనిపించాడు. ఫిన్నిష్ కూడా వచ్చిన సిబ్బంది చూసుకున్నప్పుడు అదే మనిషిలో, అదే జబ్బుతో, దాగి ఉన్న సామర్థ్యం బయటికొచ్చింది. మా ఇంట్లోనూ నేను రోజూ చూసేది అదే.

నాది విజయనగరం. ఒడియా రాదు, బెంగాలీ రాదు. పక్క వీధిలో ఉండే ఇచ్ఛాపురం అప్ప దగ్గర కూర్చుని ఒక నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ఏ మాటలు ముందు కావాలో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. అన్నిటికంటే ముందు స్నానాలగది మాటలు. పసితనంలో తల్లి నేర్పిన మాటలు అవి, సిగ్గు ముడిపడి ఉంటుంది, వేరే భాషలో అడగబుద్ధి కాదు. ‘పరిస్రా’ అంటే మూత్రం అని తెలియకపోతే పక్క తడుస్తుంది, తడిసినందుకు కసురుతాం, ఆవిడ ఇంకా ముడుచుకుపోతుంది. తర్వాత నొప్పి, కాలు, కడుపు, తల. తర్వాత దాహం, ఆకలి, చలి. ఆ తర్వాత ధైర్యం చెప్పే మాటలు రెండు: భయం లేదు, నేనున్నాను. ‘భొయొ నాహిఁ, ము అఛి.’ అర్ధరాత్రి లేచి కూర్చున్నప్పుడు ఈ రెండు మాటలు, చెయ్యి మీద చెయ్యి, అంతే. నా ఉచ్చారణ విని ఇచ్ఛాపురం అప్ప దిద్దుతుంది గానీ, అత్తయ్య ఒక్కనాడూ దిద్దలేదు. ఇదంతా కలిపి నోట్‌బుక్‌లో రెండు పేజీలు కూడా నిండలేదు. మా పెద్దమ్మాయి ఇంటర్ పరీక్షలకి చదువుతూనే వారంలో నేర్చేసుకుంది.

మా మరిది అంటాడు, ‘వదినా, రేపో మాపో అన్నీ మరిచిపోయే మనిషి, ఏ భాషలో పలికితే ఏం?’ అని. తల్లి మీద ప్రేమ లేక కాదు, చూడలేక అంటాడు. నా జవాబు ఒకటే. రేపు మరిచిపోతుంది నిజమే, కాలు నొప్పి మాత్రం ఈ రాత్రే ఉంది.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. అత్తయ్య కడుపున పుట్టిన ముగ్గురిలో ఒక్కరికీ ఒడియా రాదు. ఎందుకు రాదు? ఆవిడ నేర్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ‘ఇంట్లో ఆ ఒడ్డె మాటలేమిటి’ అని పెద్దవాళ్ళు అన్నారట. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, మూతి విరిచారంతే. ఆవిడ ఒడియాని పుట్టింటికి మాత్రమే ఉంచుకుంది. సవర పిల్లలు బడిలో నోరు మెదపకుండా కూర్చోవడం, రెల్లి కుటుంబాలు నలుగురిలో ఇంటి మాట మాట్లాడ్డానికి జంకడం, ఇవన్నీ ఆ మూతివిరుపు బిడ్డలే. అప్పుడు మనం సిగ్గుపడేలా చేసిన మాటలోనే ఇప్పుడు వాళ్ళు మంచినీళ్ళు అడుగుతున్నారు, ఇంట్లో ఎవరికీ అర్థం కావడం లేదు. గిడుగు రామ్మూర్తి పంతులు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ఎవరూ అడక్కుండానే, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని పెద్దయ్యాక సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, దండలు వేస్తాం. ఆ దండ వేసే చేతులతోనే ఇంట్లో ముసలావిడ ఒడియా మాట్లాడితే నోరు మూయిస్తున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

మనుషులు దొరకరు అంటారు. దొరుకుతారు. ఇచ్ఛాపురం, కవిటి, మందస మండలాల్లో తెలుగూ ఒడియా రెండూ ధారాళంగా మాట్లాడే ఆడవాళ్ళు ఎందరో పని కోసం చూస్తున్నారు. పగటి తోడుకి మనిషి కావాలని ఏజెన్సీకి ఫోన్ చేసి ‘ఒడియా వచ్చినవాళ్ళు కావాలి’ అంటే అవతలాయన ఆశ్చర్యపోయాడు. వంట వచ్చా, బరువు ఎత్తగలదా అని అడిగినవాళ్ళే తప్ప భాష అడిగినవాళ్ళు లేరట. వారం తిరక్కుండా మనిషిని పంపాడు. జీతం ఏమీ పెరగలేదు. అత్తయ్య ఆ అమ్మాయిని మొదటిరోజే ‘నాని’ అంది. ఆ వైపు అక్కని అలా పిలుస్తారు. అమ్మాయికి పాతికేళ్ళు కూడా లేవు, అయినా పలికింది.

ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా పెద్దదేం కాదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి నింపే ఆరోగ్య పత్రంలో 60 దాటినవాళ్ళకి ఒక ప్రశ్న ఇప్పటికే ఉంది: దగ్గరివాళ్ళ పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా అని. దాని కింద ఇంకో గడి చేర్చమంటున్నాను. చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష, తర్వాత ఏ ఊళ్ళలో ఉన్నారు, ఇప్పుడు నొప్పి వస్తే ఏ భాషలో చెబుతున్నారు. జబ్బు ముదరక ముందే, ఆ మనిషి నోటితోనే ఈ మూడూ రాయించుకోవాలి, తర్వాత చెప్పేవాళ్ళు ఉండకపోవచ్చు. ఆ కాగితం నకలు ఆసుపత్రి కేస్‌షీట్‌కి పిన్ను చేసి ఉండాలి. దాంతోపాటు ఆ భాష వచ్చిన బంధువు ఫోన్ నంబరు, రాత్రి ఎన్ని గంటలకైనా ఎత్తే నంబరు, పెద్ద అంకెల్లో. సరిహద్దు మండలాల్లో ఆ పత్రం నింపే ఆశాల్లో చాలామందికి ఒడియా వచ్చు. కొండ ఊళ్ళల్లో కొందరికి సవర వచ్చు. ఎవరినీ కొత్తగా తీసుకోనక్కర్లేదు, వాళ్ళు ఏ భాషలో అడగగలరో వాళ్ళనే అడగనివ్వాలి.